నెలమ్మకు ఇచ్చిన పోగులు

వెన్నెలపేటలో ఎండ ఉండదు. అక్కడి వీధులు మా నగరి ఊరి నేతవీధుల్లాగే ఉంటాయి. ఇంటికొక గుంట మగ్గం, అరుగు మీద రాట్నం. కాకపోతే అక్కడ ఏ మగ్గమూ ఊరికే పడి ఉండదు. నూలు దొరకలేదని ఎవరూ చేతులు కట్టుకుని కూర్చోరు. ఆ పేటకంతటికీ దేవత నెలమ్మ. ఆమెది కూడా నేతపనే. అమావాస్య వెళ్ళగానే మగ్గంలోకి దిగి రోజుకు కొంత నేస్తుంది. అందుకే చందమామ రోజుకు కొంత పెరుగుతుంది. పున్నమి నాటికి గుడ్డ పూర్తవుతుంది. మర్నాటి నుంచి ఆ గుడ్డలో రోజుకొక ముక్క కోసి, కట్టుకోను లేనివాళ్ళకు పంచుతుంది. పంచి పంచి అమావాస్య నాటికి ఆమె దగ్గర ఏమీ మిగలదు. మళ్ళీ మగ్గం కదలాలంటే మొదటి పోగు కింది నుంచి, మన దగ్గరి నుంచి వెళ్ళాలి.

ఈ పేట, ఈ దేవత ఏ పురాణంలోనూ లేరు. నేనే కల్పించాను, నా కూతురి కోసం. దానికి అప్పుడు ఐదేళ్ళు. ఎక్కడో యుద్ధం జరుగుతుంటే ఇక్కడ మాకు నూలు కరువైన రోజులవి. మా వీధిలో సగం మగ్గాల మీద కోళ్ళు పడుకునేవి.

నా భార్యది కార్వేటినగరం. మాటలు తక్కువ. ఆమె రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతుంటే నేను మగ్గంలో కూర్చుని నేసేవాణ్ణి. రెండో కాన్పులో బిడ్డ అడ్డం తిరిగింది. పక్కింటి అవ్వ పురుడు పోయడానికి వచ్చింది. మా వీధిలో సగం మందిని భూమ్మీదికి తెచ్చింది ఆమే. అందరి మగ్గాలకూ నిలువు పోగుల పడుగు పోసి ఇచ్చేదీ ఆమే. ఐదేళ్ళ మా పాపను పొద్దున్నే తన ఇంటికి పంపించేసింది. మిట్టమధ్యాహ్నం కావస్తుండగా అవ్వ వేన్నీళ్ళకని దొడ్లోకి పోయింది. నేను గడప దగ్గర నిలబడి ఉన్నాను. నా భార్య కళ్ళు తెరిచి నా వైపు చూసింది.

"పాపకు తల దువ్వలేదు ఈ పొద్దు. సిక్కు పడిపోతాది. కొంచెం దువ్వి జడెయ్యి."

"సూద్దాంలే, నువ్వు సుమ్మనుండు" అన్నాను. అంత నొప్పిలో ఇదేం మాట అని కొంచెం విసుగు కూడా వచ్చింది. అవ్వ నీళ్ళతో లోపలికి వచ్చేసరికి ఆమె లేదు. బిడ్డ కూడా దక్కలేదు. ఇద్దరినీ ఏటి ఒడ్డున మట్టి చేసి వచ్చాము.

సాయంత్రం అవ్వ ఇంటికి పోయి పాపను తెచ్చుకున్నాను. దూది, నూలు చెత్త తలంతా అంటుకుని జుట్టు నిజంగానే చిక్కులు పడి ఉంది. దువ్వెన తీసుకుని అరుగు మీద కూర్చున్నాను. అది అమావాస్య వెళ్ళి నెలవంక కనిపించిన రోజు. మా నేతవాళ్ళ వీధుల్లో ఒక అలవాటు ఉంది. నెలవంక కనబడగానే కట్టుకున్న గుడ్డలోంచి ఒక పోగు లాగి చందమామ వైపు విసిరి, ఈ పాతది తీసుకుని కొత్తది ఇయ్యమని అడుగుతారు. ఆ సాయంత్రం కూడా వీధి పిల్లలు కొండల వైపు తిరిగి పోగులు విసురుతున్నారు.

"నాయనా, అమ్మ యాడ?" అంది నా కూతురు.

చెప్పవలసిన మాట ఒకటే. అది నా నోట రాలేదు. చెయ్యి మాత్రం లేచి నెలవంకను చూపించింది.

"ఆడికి ఎందుకు పోయినాది?"

"పనికి. ఆడ నెలమ్మ అని ఒకామె ఉండాది. గుడ్డ నేస్తా ఉండాది. కండెలు చుట్టేవాళ్ళు దొరకలేదంట. మీ అమ్మను పిలిపించుకున్నాది."

"ఎప్పుడొస్తాది?"

"గుడ్డ అయినంక."

ఆ రెండు మాటలు అనకుండా ఉంటే, మిగిలిందంతా ఒక నాయన బిడ్డకు చెప్పిన కథగా పోయేదేమో. ఆమె తిరిగి వస్తుందని చెప్పాను. దాన్ని ఎదురు చూడమన్నాను.

అంతవరకు కల్పించింది నేను. పూజ మొత్తం దానిదే. మా ఇంటి గోడ గూట్లో ఒక పాత నాడెను, అడ్డం పోగును అటూ ఇటూ తీసుకుపోయే ఆ చెక్కను, నిలబెట్టి, పసుపు పూసి, ఇదే నెలమ్మ అంది. నెలవంక నాడు ముఖం కడుక్కుని, పడమటికి తిరిగి, పోగును రెండు చేతుల మధ్య పట్టుకోవాలి. చందమామను వేలు పెట్టి చూపించకూడదు, ఆమె కంట్లో గుచ్చుకుంటుంది. నైవేద్యం వేలెడంత సంగటి ముద్ద. అన్నం పెట్టడానికి బియ్యం లేవు కదా అని నేను అంటే, "నెలమ్మకు తెలుసులే, ఆమె కూడా మనోళ్ళే గదా" అనేది. పోగు వదిలే ముందు ఒక ప్రశ్న కూడా పెట్టుకుంది. నన్ను పక్కన నిలబెట్టుకుని పెద్ద పూజారమ్మలాగా అడిగేది.

"ఈ నెలలో అబద్ధం ఏమన్నా చెప్పినావా నాయనా?"

"లేదు."

"చెప్పినోళ్ళ పోగు నెలమ్మ ముట్టదు. పక్కన నిలబడినోళ్ళది కూడా ముట్టదు. నిజంగా చెప్పలేదా?"

"చెప్పలేదమ్మా."

నెల నెలా ఇదే. ఆ నియమం దానికి ఎక్కడి నుంచి తోచిందో నాకు తెలియదు. నేను మాత్రం నేర్పలేదు.

జడ మాత్రం రోజూ వేశాను. మగ్గంలోకి దిగే ముందు అరుగు మీద దాన్ని నా ముందు కూర్చోబెట్టుకుని దువ్వేవాణ్ణి. ఎందుకు వేస్తున్నానో దానికి చెప్పలేదు. వాళ్ళమ్మ ఆఖరి మాట చెప్పాలంటే ఆఖరు అయిందని కూడా చెప్పాలి. మగవాడు ఆడపిల్లకు జడ వేయడం మా వీధిలో వింత. ఎదురింటాయన పళ్ళు తోముకుంటూ వచ్చి నిలబడేవాడు.

"ఏమప్పా, మూడు పోగులతో పడుగేసినావే, అడ్డం పోగు యాడ?"

నేను తల ఎత్తేలోగా నా కూతురు జవాబిచ్చేది. "అడ్డం పోగు మా అమ్మ తెస్తాది మామా."

ఆయన ముఖం తిప్పుకుని లోపలికి పోయేవాడు. తరువాత ఎగతాళి మానేశాడు. వీధిలో ఎవరూ దానికి నిజం చెప్పలేదు. నేను చెప్పాల్సిన మాటను నాకే వదిలేశారు.

మొదటి పున్నమికి అది ఉతికిన పావడా కట్టుకుని దీపాలవేళ నుంచి గడపలో కూర్చుంది. చందమామ నిండుగా వచ్చింది. గుడ్డ అయిపోయింది కదా మరి, అమ్మ రావాలి. నిద్ర ఆపుకోలేక నా ఒళ్ళో వాలిపోతుంటే, "గుడ్డ ఈ తూరి చిన్నదిగా వచ్చినాదంట. అందరికీ సాల్లేదంట. మళ్ళీ నేస్తారంట" అన్నాను. ఒక అబద్ధాన్ని నిలబెట్టడానికి ఇంకొకటి. తరువాతి పున్నమికి ఇంకొకటి. ప్రతిసారీ అది కాసేపు ఆలోచించి, సరేనని తల ఊపేది. పెద్దవాళ్ళ పనుల్లో ఆలస్యాలు ఉంటాయని నేతింటి పిల్లకు ఎవరూ చెప్పనక్కరలేదు.

అలా ఏడాది దాటింది. ఒక నెలవంక నాడు అది తన పావడా అంచులోంచి లాగిన పోగును అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది.

"నాయనా, ఇంత పోగు ఎట్లా సాలుతాది? పడుగు ఎంత పొడుగుంటాది! మూరెడు మూరెడు పోగులు అతికి పడుగు పోస్తారా ఎవురన్నా? అందుకే ఆమె గుడ్డ చిన్నదవతా ఉండాది."

నాకు నవ్వొచ్చింది. కడుపు నిండినట్టయింది కూడా. ఇంత చిన్న పిల్లకు నేత ఎంత బాగా తెలుసు అనుకున్నాను. "అవునమ్మా, సాలదు" అన్నాను. ఇంకేమీ ఆలోచించలేదు.

నూలు కోసం ఎదురుచూసి ఎదురుచూసి విసిగిపోయిన రోజుల్లో షావుకారు కబురు పంపాడు. ఎవరింట్లోనో పెళ్ళి, చీరలు కావాలి, నూలు సంపాదించాను, పోగు కూడా వృథా కాకూడదు అన్నాడు. అవ్వ ఆ నూలును పడుగు పోసి ఇచ్చింది. ఎండ ఎక్కకముందే వీధి పొడుగునా పడుగు సాగదీసి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి ఆరబెట్టాము. చాలా రోజుల తరువాత మా వీధిలో పడుగు సాగింది. పిల్లలంతా దాని కింద దూరి అటూ ఇటూ పరుగెత్తారు. నా కూతురు కూడా వాళ్ళలో ఉంది. గంజి వాసనకు నాకు ప్రాణం లేచి వచ్చినట్టుంది.

కొత్త పడుగును మగ్గానికి ఎక్కించాలంటే, మగ్గం మీద మిగిలి ఉన్న పాత పడుగు కొసలకు కొత్త పోగులను ఒక్కొక్కటిగా మెలిపెట్టి అతకాలి. పాతదానికి ఒకటి, కొత్తదానిలో ఒకటి. రెండూ సరిగ్గా సరిపోతాయి, సరిపోవాలి. మర్నాడంతా వంగి కూర్చుని అతికాను. అంచుకు వచ్చేసరికి పాత పోగులు కొన్ని జత లేకుండా మిగిలిపోయాయి. కొత్త పడుగులో పోగులు తక్కువ. మళ్ళీ మొదటి నుంచి వేళ్ళతో తడిమి చూశాను. తక్కువే. ఆ జాగాలు ఖాళీగా వదిలి నేస్తే చీర పొడుగునా చీలిక కనిపిస్తుంది.

పడుగు పోసింది అవ్వ. నూలు బంగారమైన కాలం. నేను ఇంకేమీ ఆలోచించలేదు. లేచి వీధిలోకి పోయి అవ్వ గడప ముందు నిలబడ్డాను.

"అవ్వా, నా పడుగులో పోగులు యాడ?"

"యాడుంటాయి? పడుగులోనే ఉంటాయి. కండ్లు తెరిచి సూసుకో."

"సూసుకున్నా. తక్కువుండాయి. నూలు నీ చేతిలోనించే గదా వచ్చింది."

అవ్వ చేతిలోని పని పక్కన పెట్టింది. "ఏమంటా ఉండావురా? నేను దొంగిలించినానా? నిన్ను ఈ చేతుల్తోనే గదరా బయటికి లాగింది! నా ఈడుకు నీ పోగులు ఏం చేసుకుంటా, ఉరేసుకుంటానా?"

"ఏం చేసుకున్నావో నీకే తెలియాల. కరువు కాలం, ఎవురి బుద్ధి ఎట్లా ఉంటాదో" అన్నాను. ఆ మాటను వీధి వీధంతా విన్నది. జనం గుమిగూడారు. ఎంతమందినైనా ఎదిరించి మాట్లాడగల అవ్వ గోడకు ఆనుకుని అట్లాగే కూర్చుండిపోయింది.

అప్పుడు మా ఇంట్లోంచి నా కూతురు వచ్చింది. చేతిలో ఒక కండె. వాళ్ళమ్మ చుట్టినట్టే, ఎక్కడా చిక్కు లేకుండా నున్నగా చుట్టిన నూలు దాని నిండా ఉంది.

"అవ్వ కాదు నాయనా. నేనే తీసినా. పడుగు సాపినప్పుడు కింద దూరి, అంచులోని పోగులు ఈ కొసా ఆ కొసా తుంచి తీసుకున్నా. యాడా తెగలేదు, సూడు." దాని ముఖంలో భయం లేదు. శుభవార్త చెప్పడానికి వచ్చిన మనిషిలా ఉంది. "ఈ తూరి పొడుగైనవి ఇస్తా నెలమ్మకు. గుడ్డ పెద్దదిగా అయిపోతాది. అమ్మ వచ్చేస్తాది."

వీధంతా నన్ను చూస్తోంది. అవ్వ చూస్తోంది. దాన్ని ఎత్తుకుని లోపలికి వెళ్ళి ఉండవచ్చు. అవ్వ కాళ్ళ మీద పడి ఉండవచ్చు. నేను చెయ్యి ఎత్తి దాని చెంప మీద కొట్టాను. కండె ఎగిరి మట్టిలో పడింది.

"నెలమ్మా లేదు, గాడిదగుడ్డూ లేదు! నేను కల్పించి చెప్పినా. మీ అమ్మ సచ్చిపోయినాది. ఏటి ఒడ్డున మట్టిలో ఉండాది. రాదు. ఇంకెప్పటికీ రాదు."

ఏడాదికి పైగా నోట్లో దాచుకున్న నిజాన్ని చివరికి ఒక దెబ్బగా వాడుకున్నాను. నెమ్మదిగా, ఒళ్ళో కూర్చోబెట్టుకుని చెప్పవలసిన మాట అది.

అది ఏడవలేదు. చెంప మీద చెయ్యి పెట్టుకుని నా వైపు చూసింది. తనలో తాను ఏదో లెక్క సరిచూసుకుంటున్నట్టు కళ్ళు కదిలాయి.

"అయితే నువ్వు అబద్ధం చెప్పినావు" అంది. "నెల నెలా నా పక్కన నిలబడి, చెప్పలేదంటివే." కింద పడిన కండె వైపు చూసింది. "అందుకేనా నాయనా, అమ్మ రాలా?"

నెలమ్మ లేదన్న మాటను అది పట్టించుకోలేదు. పక్కన నిలబడినవాడి అబద్ధం వల్ల తన పోగులన్నీ చెడిపోయాయని అనుకుంది.

గుంపులోంచి అవ్వే లేచి వచ్చి దాన్ని తన ఇంట్లోకి తీసుకుపోయింది. నా వైపు చూడలేదు.

మట్టిలో పడిన కండెను తీసుకుని దులిపాను. ఆ పోగులన్నిటినీ మళ్ళీ పడుగులో కలిపి అతికాను. చీరలు ఏ లోపమూ లేకుండా వచ్చాయి. షావుకారు అంచు పట్టుకుని వెలుతురుకు చూసి, బాగా నేశావన్నాడు. అవును, ఒక్క పోగు కూడా పాడు చేయలేదు నా బిడ్డ.

మర్నాడు గూట్లో నాడె లేదు. అవ్వ ఇంటి నుంచి తిరిగి వచ్చిన నా కూతురు దాన్ని కడిగి, పసుపు పోగొట్టి, మగ్గం సామాన్ల పెట్టెలో పెట్టింది. నేను దువ్వెన తీసుకుని అరుగు మీద కూర్చుంటే, "వద్దులే నాయనా, నేనే ఏసుకుంటా" అంది. కోపంగా అనలేదు. ఆ చిన్న చేతులు వెనక్కు సరిగా అందేవి కావు. పాపిడి వంకర, జడ ఒక పక్కకు. అయినా తనే వేసుకుంది. ఆ రోజు నుంచి నెలవంక నాడు వీధి పిల్లలు పోగులు విసురుతుంటే అది లోపల కండెలు చుట్టుకునేది.

అవ్వ గడప తొక్కడానికి నాకు ఏళ్ళు పట్టింది. యుద్ధం ముగిసింది. నూలు కష్టం పూర్తిగా తీరకపోయినా మగ్గాలు ఆడుతున్నాయి. నా కూతురికి పదేళ్ళు దాటాయి. ఒక రోజు ధైర్యం తెచ్చుకుని పోయి, తప్పయిందవ్వా, క్షమించు అన్నాను. అవ్వ చాటతో రాగులు చెరుగుతూనే అంది, "ఆ మాట ఆ పొద్దు వీధిలో అనుంటే బాగుండు. ఈడ గోడలకు చెప్తే ఏముండాదిరా? దొంగని అనింది గోడలు కాదు గదా."

ఆ మాట పట్టుకుని వీధిలో చెప్పానా అంటే, లేదు. అదీ చేయలేకపోయాను.

ఆ తరువాత కొన్నాళ్ళకే, ఒక పొద్దున నా కూతురు అరుగు మీద కూర్చుని జుట్టుతో కుస్తీ పడుతోంది. అప్పటికి జుట్టు నడుము దాకా పెరిగింది. నూనె లేక అంతా చిక్కు. మగ్గంలోంచి చూస్తుంటే ఇక ఉండబట్టలేదు. లేచి వచ్చి పక్కన కూర్చుని చెప్పాను. ఆ మధ్యాహ్నం, ఆ గడప, వాళ్ళమ్మ కళ్ళు తెరవడం, తల దువ్వలేదని అనడం. అందుకే అన్నాళ్ళు నేను జడ వేశానని కూడా చెప్పాను. నా జీవితంలో అంత జాగ్రత్తగా, ఒక మాట ఎక్కువా తక్కువా కాకుండా ఏదీ చెప్పలేదు.

దువ్వెన చేతిలో పట్టుకుని అది అంతా విన్నది.

"ఇదంతా ఎప్పుడు అనింది?"

"పోయే ముందర. అదే ఆఖరు మాట."

"మరి అప్పుడే నాకు ఎందుకు చెప్పలా?"

"అప్పుడు నీకు అమ్మ పోయినాదనే చెప్పలేదు గదమ్మా."

"ఎవురన్నా ఇన్నారా?"

"ఎవురూ లేరు. అవ్వ వేన్నీళ్ళకు పోయుండె."

అది లేచి అవ్వ ఇంటికి పోయింది. నేను వెనకే పోయి వాకిట్లో నిలబడ్డాను. "అవ్వా, మా అమ్మ పోయే ముందర నా తల దువ్వమని అనిందంట. నువ్వు ఇన్నావా?"

అవ్వ తల ఎత్తి, పిల్లను దాటి నా వైపు చూసింది. ఒక్క 'ఊ' అంటే చాలు. కళ్ళతోనే బతిమాలాను. ఏ మనిషి నిజాయితీని నేను వీధిలో నిలబెట్టి చింపానో, ఆ మనిషినే నా కోసం ఒక అబద్ధం ఆడమని అడుగుతున్నానని అప్పుడు నాకు తోచలేదు.

"నేను దొడ్లో ఉంటిని తల్లీ" అంది అవ్వ. "నేను ఇనలేదు. ఇననిది ఇన్నానని చెప్పను." తరువాత కొంచెం మెత్తబడి, "అనినా అనుంటాది. అట్లాంటిదే మీ అమ్మ" అంది.

నా కూతురు ఇంటికి వచ్చి మళ్ళీ అరుగు మీద కూర్చుంది. జుట్టును మూడు పాయలు చేసుకుంటూ, నన్ను నొప్పించకూడదన్నట్టు మెల్లగా చెప్పింది.

"మంచిగుండాది నాయనా. నెలమ్మ కత కంటే ఇది బాగుండాది."

నా దగ్గర వాళ్ళమ్మది మిగిలిన ఆస్తి ఆ ఒక్క మాట. దాన్ని బిడ్డ చేతికి ఇచ్చాను, బిడ్డ అది నా కల్పన అనుకుని నాకే తిరిగి ఇచ్చేసింది. కథ చెప్పాను, నమ్మింది. నిజం చెప్పాను, కథ బాగుందంది.

దాన్ని తప్పు పట్టను. నన్ను ఎన్నడూ తక్కువ చేసి మాట్లాడలేదు. నా బట్టలు ఉతికింది, జ్వరం వస్తే కాళ్ళు పట్టింది, నేను తినేదాకా తను తినేది కాదు. ఒక్క అలవాటు మాత్రం ఉండేది. నేను మగ్గంలో కూర్చుని, "వాన వస్తా ఉండాది, వాకిట్లో నూలు తియ్యమ్మా" అని కేక వేస్తే, సరే నాయనా అనేది. బయటికి వచ్చి, ఆకాశం కిందికి అరచెయ్యి చాచి, చినుకు పడేదాకా నిలబడి చూసి, అప్పుడు తీసేది.